సబ్బాతు, సబ్బాట్ ఒకటేనా? మధ్యలో ఈ ఇష్తార్ గోల ఏంటి?

డబ్లిన్_డైరీ
మా టీమ్‌లో ఒక ఐరిష్ అమ్మాయి ఉంది, తను పేగన్‌నని, అంటే క్రైస్తవం రాకముందు ఉన్న పాత దేవుళ్ళని కొలిచేదాన్నని చెప్పుకుంటుంది. ఇంకొకాయన యూదుడు, శుక్రవారం పొద్దు గూకకముందే లాప్‌టాప్ మూసేసి షబ్బాత్ అని వెళ్ళిపోతాడు. మొన్న అందరి పండుగలూ ఒక షీట్‌లో ఎక్కించే పని నా నెత్తిన పడింది. ఆ అమ్మాయి పంపిన జాబితా పైన "ఎనిమిది సబ్బాట్లు" అని ఉంది. రెండూ ఒకటే కదా అనుకుని ఇద్దరివీ ఒకే గడిలో పడేసి సబ్బాతు అని పేరు పెట్టాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. తను మాత్రం "మాది వేరు" అంది. ఎలా వేరు అంటే "చాలా పాతది" అంది, అంతే.

ఇది చాలదన్నట్టు తెనాలిలో మా అమ్మకి వాట్సాప్‌లో ఎవరో ఫార్వర్డ్ పంపారు. ఈస్టర్ అంటే బబులోను దేవత ఇష్తార్ పేరేనట, ఆ గుడ్లు కూడా ఆవిడవేనట. "ఇన్నేళ్ళూ ఎవరికి మొక్కినట్టురా" అని అక్కడ రాత్రి పదకొండింటికి నాకు ఫోను.

తెలిసినవాళ్ళు చెప్పండి. గూగుల్ చేయమనకండి, చేసే ఇక్కడికొచ్చాను.

కాఫీ_రెండో_కప్పు
ఎనిమిది సబ్బాట్లు అంటే ఎనిమిది సెలవులు. ఆ మతంలో చేరడానికి ఫారం ఎక్కడిస్తారో కనుక్కోండి ముందు.

మట్టల_ఆదివారం
అమ్మగారికి ధైర్యం చెప్పండి. మన తెలుగు బైబిల్లో ఈస్టర్ అనే మాటే లేదు, ఉన్నది పస్కా. కథోలిక గుడుల్లో ఇప్పటికీ ఆ పండుగని పాస్కా అనే అంటారు. ఇంగ్లీషువాళ్ళ దగ్గర మనం పేరు తెచ్చుకున్నాం, పండుగ తెచ్చుకోలేదు.

పాత_నిఘంటువు
పై పోస్టు సరిగ్గా చెప్పింది. ఫ్రెంచిలో పాక్, స్పానిష్‌లో పాస్కువా, గ్రీకులోనూ రష్యన్‌లోనూ పాస్ఖా. అన్నీ యూదుల పస్కా పండుగకి ఉన్న హీబ్రూ పేరు పెసఖ్ నుంచి వచ్చినవే. ఇష్తార్ పేరు మీదే పండుగ పుట్టి ఉంటే, ఆ పేరు బబులోనుకి దగ్గరగా ఉన్న సిరియా క్రైస్తవుల నోట ఉండాలి కదా. అక్కడ లేదు. ఎక్కడో ఇంగ్లండులో ఈస్టర్, జర్మనీలో ఓస్టర్న్ అని ఉంది.

ఆ పేరుకి ఉన్న పాత సాక్షి ఒక్కడే. బీడ్ అనే ఇంగ్లీషు సన్యాసి 725లో కాలగణన మీద ఒక పుస్తకం రాశాడు. తమ పూర్వీకులు ఏప్రిల్‌ని ఎయోస్టుర్ నెల అనేవారనీ, ఎయోస్ట్రె అనే దేవత పేరున అప్పుడు విందులు చేసేవారనీ అందులో రెండు ముక్కల్లో చెప్పి వదిలేశాడు. గుడ్ల ఊసు లేదు, కుందేలు ఊసు లేదు. వెయ్యేళ్ళ తర్వాత, 1835లో, కథల గ్రిమ్ సోదరుల్లో పెద్దాయన యాకోబ్ గ్రిమ్ ఇది చూసి జర్మన్లకి కూడా ఓస్టారా అనే దేవత ఉండి ఉంటుందని ఊహించాడు. మీ ఆవిడ జాబితాలో మార్చి నెల దగ్గర ఓస్టారా అని ఉంటుంది చూడండి, ఆ పేరు అదే.

ఇక ఇష్తార్ ముడి వేసింది 19వ శతాబ్దపు స్కాట్లండ్ పాస్టరు అలెగ్జాండర్ హిస్లాప్. రోమన్ కథోలికులు చేసేదంతా బబులోను పూజేనని రుజువు చేయాలని ఆయన పట్టుదల. చెవికి ఒకేలా వినపడితే చాలు, ముడి పడిపోయేది. మీ అమ్మగారికి వచ్చిన ఫార్వర్డ్ వయసు నూట డెబ్బై ఏళ్ళు పైనే.

డబ్లిన్_డైరీ
సార్, "మీ ఆవిడ" అనకండి. మా ఆవిడ కూడా ఈ ఫోరం చదువుతుంది.

కాఫీ_రెండో_కప్పు
😂😂 ఆ ఒక్క మాట చాలు, మార్చిలోనే దీపావళి.

నమ్మను_పో
మీరంతా గ్రీకు, రష్యా తిరుగుతున్నారు గానీ మన సంస్కృతం చూడరు. సబ్బాతు అంటే ఏడో రోజు. ఏడు అంటే సప్త. సప్త, సబ్బత్, సబ్బాతు. ఇంకేం రుజువు కావాలి?

హైఫా_అక్క
నేను ఇక్కడ ఇజ్రాయెల్‌లో తొమ్మిదేళ్ళుగా ముసలివాళ్ళని చూసుకునే పని చేస్తున్నా, మెటపెలెత్ అంటారు. హీబ్రూలో ఏడుని షేవ అంటారు. షబ్బాత్ స్పెల్లింగు వేరు, షేవ స్పెల్లింగు వేరు, చివరి అక్షరమే కలవదు. షబ్బాత్‌ది షిన్-బెత్-తావ్ అనే మూడక్షరాల ధాతువు. ఆ ధాతువుకి అర్థం ఆపేయడం, పని మానేయడం. ఇప్పటికీ సమ్మెని ష్వితా అంటారు, అదే ధాతువు. బస్సుల సమ్మె వస్తే టీవీలో ఆ మాటే వినపడుతుంది.

ఇంకో సంగతి. నేను వచ్చిన కొత్తలో "యోమ్ షేనీ రండి" అంటే శనివారం అనుకుని శనివారం వెళ్ళా. తలుపు కొడితే పాపం పెద్దావిడ కంగారు పడింది. షేనీ అంటే రెండోది, అంటే సోమవారం. వాళ్ళకి వారాలకి పేర్లు లేవు, ఒకటో రోజు, రెండో రోజు అని లెక్కే. పేరున్నది ఒక్క షబ్బాత్‌కే.

నమ్మను_పో
అక్కా, అంకెలు వేరు కావచ్చు గానీ శని గ్రహానికీ శనివారానికీ సంబంధం ఉందిగా. అది మనదేగా.

హైఫా_అక్క
ఉంది తమ్ముడూ, కానీ తిరగేసి. శని గ్రహాన్ని హీబ్రూలో షబ్తాయ్ అంటారు. గ్రహం పేరు మీద రోజు కాదు, రోజు పేరు మీద గ్రహం.

రొట్టెల_పండుగ
నమ్మను_పో అన్న పూర్తిగా ఓడిపోలేదు. అరబ్బీలో శనివారం యౌముస్సబ్త్, అది షబ్బాత్‌కి అక్కచెల్లెలే. కానీ ఉర్దూలో శనివారాన్ని హఫ్తా అంటాం. అది ఫార్సీ హఫ్త్, అంటే ఏడు. ఆ హఫ్త్ మాత్రం మీ సప్తకి సొంత చుట్టం. కాబట్టి శనివారంలో సప్త ఉంది, సబ్బాతులో లేదు.

నమ్మను_పో
థాంక్స్ భాయ్. ఒక్కడైనా ఉన్నాడు నా వైపు.

పాత_నిఘంటువు
సగం వైపు. సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ అమ్మాయి సబ్బాట్ "చాలా పాతది" అంది కదా. పండుగల్లో కొన్ని పాతవే. కానీ సబ్బాట్ అనే మాట ఎక్కడిదో తెలిస్తే తను నొచ్చుకుంటుందేమో, మెల్లగా చెప్పండి.

మధ్యయుగపు ఐరోపాలో చర్చివాళ్ళకి యూదులంటే పడదు. 15వ శతాబ్దంలో మంత్రగత్తెల మీద విచారణలు పెరిగినప్పుడు, వాళ్ళు రాత్రిళ్ళు రహస్యంగా చేరి సైతానుని కొలుస్తారని రాయాల్సి వచ్చింది. ఆ కూటానికి పేరు కావాలి. తమకి బాగా కిట్టని మతం మాటలే తీసుకున్నారు. మొదట సినగోగు (యూదుల ప్రార్థన మందిరం పేరు) అన్నారు, తర్వాత సబ్బాట్ అన్నారు. అంటే ఇది యూదుల మాట, క్రైస్తవ న్యాయాధికారులు తిట్టుగా వాడారు. ఏ పేగన్లూ తమ పండుగని ఆ రోజుల్లో అలా పిలుచుకోలేదు.

1921లో మార్గరెట్ మర్రే అనే ఈజిప్టు చరిత్ర పండితురాలు, మంత్రగత్తెలది నిజంగానే ఒక పాత మతం అని వాదించింది. సబ్బాట్‌కి ఏడుతోనూ యూదులతోనూ సంబంధం లేదనీ, ఆడిపాడటం అనే అర్థమున్న పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చి ఉంటుందనీ అంది. భాషావాళ్ళు ఒప్పుకోలేదు. కానీ 1951లో ఇంగ్లండులో మంత్రవిద్య చట్టం రద్దయ్యాక జెరాల్డ్ గార్డ్‌నర్ విక్కా అనే కొత్త పేగన్ మతాన్ని బయటపెట్టినప్పుడు మర్రే మాటలే చేతికి దొరికాయి. అలా సబ్బాట్ ఒక తిట్టు నుంచి పండుగ పేరైంది.

డబ్లిన్_డైరీ
ఆగండాగండి. అంటే నేను ఇద్దరివీ ఒకే గడిలో పెట్టడం మాట ప్రకారం రైటే, పండుగ ప్రకారం తప్పు?

పాత_నిఘంటువు
అంతే.

చేబ్రోలు_చిన్నోడు
మా ఊళ్ళో ఒకడిని చిన్నప్పుడు "దెయ్యం" అని ఏడిపించేవాళ్ళు. ఇప్పుడు వాడి సెల్ షాపు బోర్డు మీద దెయ్యం మొబైల్స్ అని ఉంది. బాగా నడుస్తోంది. సబ్బాట్ కథ అదేగా.

మట్టల_ఆదివారం
పేగన్ అన్న మాట కూడా అలాంటిదే. లాటిన్‌లో పాగానుస్ అంటే పల్లెటూరివాడు. పట్నంవాళ్ళు క్రైస్తవులయ్యాక పల్లెల్లో పాత దేవుళ్ళని కొలుస్తున్నవాళ్ళని అలా అన్నారంటారు. ఇంకొందరు సిపాయి కానివాడు, మామూలు పౌరుడు అనే అర్థం చెబుతారు, ఎందుకంటే క్రైస్తవులు తమని తాము క్రీస్తు సైనికులు అనుకునేవారు. ఏదైనా పొగడ్త మాత్రం కాదు. మన బైబిల్లో అన్యజనులు అని వేశారు. పోలేరమ్మ జాతరకి వెళ్ళే మా పక్కింటి పిన్నిగారిని ఆదివారం బడిలో ఒక పిల్లాడు "అన్యురాలు" అన్నాడు, ఆరోజు వాడికి ఈ మాట కథంతా చెప్పాల్సి వచ్చింది.

నమ్మను_పో
సరే సబ్బాతు వదిలేశా. సంహైన్? నవంబరులో వచ్చేది, చచ్చినవాళ్ళ పండుగ. సంహారం నుంచి కాదా? దీనికైనా ఒప్పుకోండి.

డబ్లిన్_డైరీ
అన్నా, అది సంహైన్ కాదు, సావిన్ అని పలుకుతారు. నేను కూడా మొదటి ఏడాది సంహైన్ అని ఆఫీసులో అందరి ముందూ చదివి పరువు తీసుకున్నా. ఇక్కడ నవంబరు నెల పేరే అది. మే నెల బెల్టన్యా, ఆగస్టు లూనసా. గోడ క్యాలెండర్లో రెండు భాషల్లో ఉంటాయి. నేను ఇవి నెలల పేర్లే అనుకున్నాను ఇన్నాళ్ళూ!

పాత_నిఘంటువు
సంహారం కాదు గానీ, నమ్మను_పో గారూ, ఈసారి మీరు గుడ్డిగా వేసిన రాయి ఒక కాయకి తగిలింది. సావిన్‌లో ఉన్న సమ్ అంటే వేసవి. "వేసవి ముగింపు" అని పాత ఐరిష్ పండితులు విడగొట్టి చెప్పేవారు, ఆ విరుపు నిలబడలేదు గానీ వేసవి అనే ముక్క నిలబడింది. ఇంగ్లీషు సమ్మర్ దాని బంధువే. సంస్కృతంలో ఏడాదికి సమా అనే మాట ఉంది కదా, ఈశావాస్యంలో "శతం సమాః" అని నూరేళ్ళు బతకాలనుకునే చోట. అది కూడా అదే కుటుంబం.

నమ్మను_పో
స్క్రీన్‌షాట్ తీసుకున్నా. ఫ్రేమ్ కట్టిస్తా.

పాత_నిఘంటువు
ఎలాగూ కట్టిస్తున్నారు కాబట్టి పక్కనే ఇంకోటి పెట్టుకోండి. బీడ్ చెప్పిన ఎయోస్ట్రె పేరు తెల్లవారే వెలుగు అనే మూలం నుంచి వచ్చింది. తూర్పుని ఈస్ట్ అనేది కూడా అందుకే. మన ఉషస్సుదీ అదే మూలం. కాబట్టి ఈస్టర్ పేరుకి బబులోను ఇష్తార్ ఏమీ కాదు, వేదాల్లోని ఉష దూరపు చెల్లెలు.

మట్టల_ఆదివారం
సార్ ఇది వాళ్ళ అమ్మగారికి చెప్పకండి. మళ్ళీ రాత్రి పదకొండింటికి ఫోను వస్తుంది.

మండ్య_మామ
బెల్టన్యా మాట వచ్చింది కాబట్టి. ఆ రోజు రెండు మంటలు వేసి మధ్యలోంచి ఆవుల్ని తోలేవారని చదివాను. మా వైపు, మండ్య మైసూరు పల్లెల్లో, సంక్రాంతి సాయంత్రం ఆవుల్ని అలంకరించి గడ్డి మంట మీదుగా దాటిస్తారు. కిచ్చు హాయిసువుదు అంటారు. నేను చిన్నప్పుడు మా ఎద్దు తాడు పట్టుకుని దాటా, పంచె అంచు కాలింది. అంటే ఐర్లండు, కన్నడ దేశం ఒకప్పుడు ఒకటేనా?

పాత_నిఘంటువు
కాదు మామా. పశువులున్న చోట పురుగులు, రోగాలు ఉంటాయి, మంటా పొగా ఎవరికైనా తట్టే మందే. ఆవులు దాటినంత మాత్రాన పేర్లు దాటవు. ఆ ఐరిష్ మంటల ముచ్చట సుమారు 900 నాటి ఒక నిఘంటువులో ఉంది, బెల్టన్యాకి "మంచి మంట" లాంటి అర్థం కూడా అందులోనే చెప్పారు. ఫిబ్రవరి 1న వచ్చే ఇంబొల్క్‌కి గొర్రెపాలు అనే అర్థం చెప్పింది కూడా అదే నిఘంటువు. ఇప్పటివాళ్ళలో చాలామంది "కడుపులో" అనే అర్థం చెబుతారు, గొర్రెలు చూడితో ఉండే కాలం అని. ఆగస్టుది మాత్రం తేలిక: లూ అనే దేవుడి జాతర.

డబ్లిన్_డైరీ
ఫిబ్రవరి 1 ఇక్కడ సెయింట్ బ్రిజిడ్ రోజు కూడా. 2023 నుంచి ఫిబ్రవరి మొదటి సోమవారం సెలవు ఇస్తున్నారు. మా అమ్మాయి బళ్ళో జమ్ముగడ్డితో శిలువ అల్లించారు. టీమ్‌లో అమ్మాయేమో బ్రిజిడ్ అసలు దేవత అంటుంది. బళ్ళో టీచరమ్మేమో కిల్డేర్ మఠం పెట్టిన సన్యాసిని అంటుంది.

చేబ్రోలు_చిన్నోడు
మీకు సెలవు వచ్చిందా లేదా? అది చెప్పు అన్నా.

డబ్లిన్_డైరీ
వచ్చింది.

చేబ్రోలు_చిన్నోడు
అయితే ఇద్దరూ కరెక్టే.

పంచాంగం_శర్మ
మీరందరూ పేగన్ల వైపే ఉన్నారు, యూదుల నెలలు చూడలేదు. నాకు వాళ్ళ పంచాంగం అంటే ప్రాణం. మనలాగే చాంద్రమానం, మనలాగే అధికమాసం. పందొమ్మిదేళ్ళలో ఏడుసార్లు అదారు నెల రెండుసార్లు వస్తుంది. అయితే విడ్డూరం అది కాదు, నెలల పేర్లు. నీసాను, సీవాను, ఏలూలు, అదారు అన్నీ బబులోను పేర్లే. పేర్లు బబులోను నుంచే తమతో వచ్చాయని వాళ్ళ పాత ధర్మచర్చల గ్రంథం యెరూషలేము తల్మూదులోనే దాపరికం లేకుండా రాసుకున్నారు. అంతకుముందు అబీబు, జీవు, బూలు లాంటి పాత పేర్లుండేవి. అబీబు అంటే పచ్చి యవల కంకి, టెల్ అవీవ్‌లో ఉన్న అవీవ్ అదే.

అన్నిటికంటే చిత్రం తమ్మూజు నెల. తమ్మూజు అంటే సాక్షాత్తూ ఒక బబులోను దేవుడు, ఇష్తార్ మొగుడు!

మట్టల_ఆదివారం
అయ్యో అవును. యెహెజ్కేలు 8లో ఆలయం గుమ్మం దగ్గర ఆడవాళ్ళు తమ్మూజు కోసం ఏడుస్తుంటే దేవుడు ప్రవక్తకి దాన్ని హేయమైన పనిగా చూపిస్తాడు. ఆ పేరే నెల పేరా?

హైఫా_అక్క
ఆ పేరే. ఆ నెల 17న మా పెద్దావిడ ఉపవాసం ఉంటుంది, యెరూషలేము గోడ పగిలిన రోజని. క్యాలెండర్ మీద పెద్ద అక్షరాలతో తమ్మూజ్ అని ఉంటుంది. దేవుడని ఎవరికీ గుర్తు లేదు, నెల అంతే.

కాఫీ_రెండో_కప్పు
అంటే ఫార్వర్డ్ పంపినాయన ఇష్తార్‌ని తప్పు చోట వెతికాడు. ఈస్టర్‌లో లేదు, పక్కవాళ్ళ క్యాలెండర్లో మొగుడు దొరికాడు.

పంచాంగం_శర్మ
ఇంకోటి. రోష్ హషానా అంటే ఏడాదికి తల, అంటే ఉగాది. కానీ అది ఏడో నెల మొదటి రోజు వస్తుంది! వాళ్ళ ధర్మశాస్త్రం తోరాలో దానికి కొత్త సంవత్సరం అనే పేరే లేదు, కొమ్ము బూర ఊదే రోజు అని మాత్రమే ఉంది. మొదటి నెల నీసాను, పస్కా నెల. మరి ఏడో నెలలో ఏడాది ఎలా మొదలైంది అంటే, ఆ నెల పేరు తిష్రీ. పాత బబులోనువాళ్ళ అక్కదు భాషలో ఆ మాటకి మొదలు అనే అర్థం. నెల పేరులోనే జవాబుంది.

తిథుల పేర్లతో పండుగలు పిలవడం కూడా మనలాగే. తిషా బెఆవ్ అంటే ఆవ్ నెల తొమ్మిది, మన నవమి లెక్క. తూ బిష్వాత్ చెట్ల పండుగ, షెవాతు నెల పదిహేను. అక్షరాలకి అంకెలుంటాయి, మన కటపయాది లాగా. పదిహేనుని పది, అయిదు అని రాస్తే దేవుడి పేరులో మొదటి రెండక్షరాలు పడతాయి. అందుకని తొమ్మిది, ఆరు అని రాస్తారు. ఆ రెండక్షరాలు కలిపి చదివితే తూ.

రొట్టెల_పండుగ
మీ పోస్టులు చదువుతుంటే నాకు ఒకటి గుర్తొచ్చింది. వాళ్ళు పండుగకి ఖగ్ అంటారు కదా అక్కా? ఖగ్ సమేయాఖ్ అని శుభాకాంక్షలు. అరబ్బీ హజ్ కూడా అదే మాట. పస్కా, వారాల పండుగ, పర్ణశాలల పండుగ, మూడింటికీ యెరూషలేము ప్రయాణం కట్టాల్సిందేనట. పండుగ అంటేనే యాత్ర.

ఇక నా హ్యాండిల్ చూసి తెలుగు బైబిల్లోని పులియని రొట్టెల పండుగ అనుకుని ఒకాయన నాకు మెసేజ్ పెట్టారు. కాదండీ, మాది నెల్లూరు బారాషహీద్ దర్గా. చెరువులో రొట్టెలు మార్చుకునేది. పులిసినా పులియకపోయినా ఫర్వాలేదు.

హైఫా_అక్క
😄 అవును తమ్ముడూ, ఖగ్ అంటారు. కానీ షబ్బాత్‌ని ఖగ్ అనరు, దానికి షబ్బాత్ షలోమ్. యోమ్ కిప్పూర్‌కి కూడా "హ్యాపీ" అనకూడదు. మొదటి ఏడాది అనేశా, పెద్దావిడ కూతురు పక్కకి పిలిచి చెప్పింది.

మట్టల_ఆదివారం
కిప్పూర్ అంటే ప్రాయశ్చిత్తం. ఆ ధాతువుకి తుడిచేయడం, కప్పేయడం అని అర్థాలు చెబుతారు. దేవుడి ఆజ్ఞల పలకలుంచిన మందసం మీది మూతని తెలుగులో కరుణాపీఠం అన్నారు, హీబ్రూలో అదీ ఆ ధాతువే. ఆరోజు రెండు మేకల్ని తెస్తారు. ఒకదాన్ని బలిస్తారు, ఇంకోదాని తల మీద చేతులుంచి జనం పాపాలన్నీ చెప్పి అడవికి తోలేస్తారు. 1530లో విలియం టిండేల్ ఇంగ్లీషులోకి తెస్తూ ఆ రెండో మేకకి స్కేప్‌గోట్ అని కొత్త మాట చేశాడు. పస్కాకి ఇంగ్లీషులో పాసోవర్ అనే మాట కూడా ఆయన చేసిందే. మనం స్కేప్‌గోట్‌ని బలిపశువు అంటున్నాం. కానీ ఆ మేక బలి కాని మేక! తప్పించుకున్న మేక.

కాఫీ_రెండో_కప్పు
ఆఫీసులో నన్ను బలిపశువుని చేశారు అని ఇకనుంచి అనను. అడవికి తోలేశారు అంటా. నిజానికి నోయిడా.

చేబ్రోలు_చిన్నోడు
పర్ణశాలల పండుగ అన్నారు కదా పైన. ఆ అనువాదం మీద నాకు కోపం. పర్ణశాల అనగానే భద్రాచలం దగ్గర సీతమ్మవారి పర్ణశాల కళ్ళముందుకొస్తుంది. హీబ్రూలో ఆ పండుగ గుడిసెని సుక్కా అంటారు, అంటే పందిరి. మా చేబ్రోలు పక్కనే కొత్తరెడ్డిపాలెం ఉంది. అక్కడ బెనె ఎఫ్రాయిం అని తెలుగు మాట్లాడే యూదులున్నారు, ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిముది మాది అంటారు. చిన్న సినగోగు ఉంది. శనివారం పాటిస్తారు. మా నాన్న వాళ్ళని "శనివారం వాళ్ళు" అంటాడు.

పాత_నిఘంటువు
పర్ణశాల తప్పు మాట కాదు. ఆకులతో కప్పిన గుడిసె అనే కదా అర్థం. సుక్కా పైకప్పు నేల నుంచి మొలిచినదాంతోనే వేయాలి, కొమ్మలో ఆకులో. రేకు వేస్తే చెల్లదు.

చేబ్రోలు_చిన్నోడు
పెళ్ళికి తాటాకు పందిరి వేస్తే దాన్ని పర్ణశాల అంటారా సార్? శుభలేఖలో "పర్ణశాలలో వివాహం" అని వేయించండి చూద్దాం.

హైఫా_అక్క
పందిరే. ఇక్కడ అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో వేస్తారు, ఈతాకులు కొనుక్కొస్తారు. లోపల కూర్చుంటే సందుల్లోంచి చుక్కలు కనపడాలి. మొదటిసారి చూసి మా నిజామాబాద్ పెళ్ళి పందిరి గుర్తొచ్చి ఏడ్చా.

పాత_నిఘంటువు
సరే, పందిరి. ఓడిపోయాను.

నమ్మను_పో
ఇదీ స్క్రీన్‌షాట్.

పంచాంగం_శర్మ
హైఫా_అక్క గారూ, ఒక సందేహం. మా తమ్ముడు న్యూజెర్సీలో. వాడి పక్కింటి యూదులు పస్కాకి రెండు రోజులు చేస్తారట, మీ దగ్గర ఒక్కరోజేనా?

హైఫా_అక్క
మొదటి విందు ఇక్కడ ఒక్క రాత్రే. బయటి దేశాలవాళ్ళకి రెండు. రోష్ హషానా మాత్రం ఇక్కడా రెండు రోజులే.

పంచాంగం_శర్మ
నేను చదివిన కారణం ఇది. పూర్వం నెలవంకని చూసి యెరూషలేములో నెల ప్రకటించేవారు. కొండల మీద వరసగా మంటలు వేసి దూరానికి కబురు పంపేవారు. వాళ్ళతో పడని పొరుగువాళ్ళు సమరయులు కావాలని తప్పు రోజున మంటలు వేయడంతో మనుషుల్ని పంపడం మొదలుపెట్టారు. మనిషి నడిచి వెళ్ళేసరికి పండుగ వచ్చేస్తుంది, ఏ రోజో తెలియదు. అందుకని దూరంగా ఉన్నవాళ్ళు రెండు రోజులూ చేశారు. లెక్కల పంచాంగం వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ప్రతి ఏడాదీ "దసరా ఎప్పుడు, ఆంధ్రాలో ఒకరోజు తెలంగాణలో ఒకరోజా" అని నాకు నలభై ఫోన్లు వస్తాయి. వాళ్ళలా రెండూ చేసుకోమని చెప్పేయాలనిపిస్తుంది.

కాఫీ_రెండో_కప్పు
పూరీము గురించి ఎవరూ చెప్పలేదేం? పూరీలు ఉంటాయా?

మట్టల_ఆదివారం
ఉండవు బాబూ. పూరు అంటే చీటి. పర్షియా రాజు దగ్గరి మంత్రి హామాను యూదుల్ని చంపే రోజు ఏదో తేల్చడానికి చీట్లు వేయించాడు, ఎస్తేరు 3వ అధ్యాయం. ఆ కుట్ర తిరగబడింది కాబట్టి చీట్ల పండుగ. ఆ మాట కూడా అక్కదు నుంచి వచ్చిందే.

చేబ్రోలు_చిన్నోడు
చీటీల పండుగ మా ఊళ్ళో నెల నెలా. పాట పాడినవాడు పారిపోయిన రోజు ఉపవాసం.

రొట్టెల_పండుగ
జూబ్లీ కూడా వాళ్ళదే కదా? హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, జూబ్లీ హాల్...

పాత_నిఘంటువు
వాళ్ళదే. హీబ్రూ యోవేల్ అంటే పొట్టేలు, దాని కొమ్ము బూర. యాభయ్యో ఏడు ఆ బూర ఊది, అమ్ముకున్న పొలాలు పాత కాపుకి తిరిగి ఇచ్చేయాలి, బానిసల్ని వదిలేయాలి. తెలుగు బైబిల్లో సునాద సంవత్సరం. 1300లో పోపు ఒక జూబ్లీ ప్రకటించాడు, నూరేళ్ళకోసారి అని. తర్వాతివాళ్ళు యాభై చేశారు, 1470లో పాతిక చేశారు. పబ్లిక్ గార్డెన్స్‌లోని జూబ్లీ హాల్ పేరు నిజాము పాలనకి పాతికేళ్ళు నిండిన జూబ్లీదే. సినిమాల దగ్గరికొచ్చేసరికి పాతిక వారాలైంది.

కాఫీ_రెండో_కప్పు
జూబ్లీహిల్స్‌లో పొలాలు పాత కాపుకి తిరిగి ఇచ్చే ఏడాది ఎప్పుడో చెప్పండి, మా తాతది షేక్‌పేట.

డబ్లిన్_డైరీ
అప్‌డేట్. షీట్ మార్చాను. షబ్బాత్ ఒక గడి, సబ్బాట్లు ఇంకో గడి. ఆ అమ్మాయికి కాఫీ ఇప్పించి, భయపడుతూనే, మాట వెనకాల కథ చెప్పాను. తనకి ముందే తెలుసట! వాళ్ళలో చాలామంది ఈ కారణంగానే సబ్బాట్ అనడం మానేసి పండుగ అని ఊరుకుంటున్నారట. జాబితా పాతది, ఎక్కడినుంచో కాపీ చేసి పంపాను అంది. ఇంకో ముక్క కూడా చెప్పింది. సెప్టెంబరులో వచ్చే మేబన్ పేరు 1970ల్లో ఐడన్ కెల్లీ అనే అమెరికా ఆయన పెట్టిందట, వెల్ష్ కథల్లో పాత్ర పేరు తీసుకుని. ఎనిమిది పండుగల చక్రం కూడా 1950ల్లో కూర్చిందే, విడివిడిగా పాతవి, కలిపి కొత్తవి అంది.

మరి "చాలా పాతది" అని ఎందుకన్నావు అని అడిగా. "ఆరోజు నువ్వు మూడోసారి అడిగావు" అంది.

యూదు ఆయన మాత్రం గడులు విడదీసినందుకు కాస్త బాధపడ్డాడు. కలిసి ఉన్నప్పుడు ఆ షీట్ ప్రకారం తనకి ఏడాదికి అరవై షబ్బాత్‌లు వచ్చేవట.

మట్టల_ఆదివారం
అమ్మగారు?

డబ్లిన్_డైరీ
మీరు చెప్పినట్టే, బైబిల్లో ఉన్నది పస్కా అమ్మా అని చెప్పాను. బైబిలు తీసి వెతికి, నిజమే ఉంది అంది. ఉషస్సు సంగతి చెప్పలేదు. ఇప్పుడు ఆ గ్రూపులో ఫార్వర్డ్ పంపినాయనకి వచనాలతో సహా వాయిస్ మెసేజ్‌లు పెడుతోంది. ఆయన గ్రూపు వదిలి వెళ్ళిపోయాడట.

చేబ్రోలు_చిన్నోడు
అడవికి తోలేశారు.